మామ్మ చెప్పిన రంగం, నేను రాసిన రంగం

ఆమధ్య యుద్ధం వస్తుందేమోనన్న మాటలు టీవీల నిండా మోగుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం మా పెద్దబ్బాయి వాళ్ళ అపార్టుమెంటు దగ్గర సైరన్ వేశారు. నిజం సైరన్ కాదు, అభ్యాసమట. విమానాలు వచ్చి బాంబులు వేస్తే జనం ఏం చేయాలో నేర్పడానికట. జనం చేసిందేమిటంటే, చేతిలో పని వదిలేసి బాల్కనీల్లోకి వచ్చి, ఫోన్లు ఎత్తి పట్టుకుని ఆకాశం వైపు చూశారు. మా పదేళ్ళ మనవరాలు కూడా పరిగెత్తింది. నేను దాని రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు గడియ పెట్టేశాను. పాపం, చెయ్యి కందిపోయింది. ఉత్తుత్తి సైరన్‌కి ఇంత కంగారేమిటి అత్తయ్యా అని కోడలు నవ్వింది. అది కంగారు కాదు, కోపం. ఆకాశం చూడటానికి బయటికి వెళ్ళేవాళ్ళంటే నాకు చెడ్డ కోపం. ఎందుకో చెప్పాలంటే మా తాతయ్య సంగతి చెప్పాలి, ఆయన సంగతి చెప్పాలంటే నేను ఏడో తరగతిలో రాసిన ఒక వ్యాసం సంగతి చెప్పాలి. అది చెప్పుకోవడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మాది దమ్మపేట దగ్గర, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మాది అంటున్నాను గానీ మావాళ్ళు పుట్టుకతో అక్కడివాళ్ళు కారు. నాన్నకు పెళ్ళైన కొత్తలో, గోదావరి జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, ఇక్కడ నేల చవకని విని, మామ్మనూ అమ్మనూ వెంటబెట్టుకుని వచ్చేశారు. మామ్మ అంటే నాన్న తల్లి. అప్పట్లో అలా వచ్చిన కుటుంబాలు చుట్టుపక్కల చాలానే ఉండేవి, మా ఊళ్ళో మాత్రం మాదొక్కటే. ఆ చవక నేల అమ్మినవాళ్ళెవరు, ఎందుకు అమ్ముకున్నారు అని అప్పుడు మేమెవరం అడగలేదు; ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. ఇంటి వెనక వాగు, వాగు దాటితే అడవి, ఎండాకాలం వస్తే ఇప్పపూల వాసన. పొలం పనికి వచ్చే కోయవాళ్ళు తమలో తాము వాళ్ళ భాష మాట్లాడుకునేవారు, మాతో తెలుగు మాట్లాడేవారు. ఊళ్ళోవాళ్ళది తెలంగాణ మాట. మా ఇంట్లో మాత్రం మామ్మ పుణ్యమా అని అచ్చమైన గోదావరి యాస. బళ్ళో నేను ‘ఏంది’ అనేదాన్ని, ఇంటికొచ్చి ‘ఏంటి’ అనేదాన్ని. ఏ మాట ఎక్కడ వాడాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని లోలోపల గర్వం కూడా ఉండేది.

మామ్మ పొట్టిగా, గట్టిగా ఉండేది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా మట్టిగాజులు, కాళ్ళకు మెట్టెలు, ఏ లోటూ లేని ముత్తైదువ. తాతయ్య మాత్రం ఉండేవారు కారు. నాన్నకు మూడేళ్ళు నిండకముందే కాకినాడలో ఓడెక్కి వెళ్ళారట, తిరిగి రాలేదు. నాన్నకు ఆయన మొహం కూడా గుర్తులేదు. ఇంట్లో ఫొటో ఉండేది కాదు. ఆయన గురించి ఎవరైనా అడిగితే మామ్మ ఎప్పుడూ ఒకే మాట అనేది, రంగంలో ఉండిపోయారు అని.

మన ఈడువాళ్ళలో గోదావరి జిల్లాల వారికీ విశాఖ వైపు వారికీ ఆ మాట గుర్తుండే ఉంటుంది. రంగం అంటే బర్మాలో రంగూన్ పట్నం. ఊళ్ళో పని దొరక్కపోతే రంగం వెళ్ళడం, నాలుగేళ్ళు బియ్యం బస్తాలు మోసి రావడం వాళ్ళ తాతల నాటి అలవాటు. కానీ ఆ పేరు మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మామ్మ చెప్పిన రంగాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. రంగమంటే కాకినాడ పక్కన ఏదో పల్లె అనుకున్నారు కొందరు. మా పక్కింటి అత్త అయితే రంగమంటే నాటకరంగమని తీర్మానించుకుని, తాతయ్య ఏదో నాటకాల కంపెనీలో వేషాలు కట్టేవాడనీ, అక్కడే ఎవరో ఆడమనిషి వలలో పడి ఉండిపోయాడనీ నమ్మి, మామ్మ మీద చచ్చేంత జాలిపడేది. కూరో నారో వండినప్పుడల్లా గిన్నెడు తెచ్చి ఇచ్చేది. మామ్మకు ఆ జాలి దేనికో తెలియదు గానీ కూర మాత్రం బాగుందనేది.

అలా ఎవరి అర్థంతో వాళ్ళు సుఖంగా ఉండగా, ఊళ్ళో మామ్మకు ఒక స్థానం వచ్చింది. మన పెళ్ళిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి కదా. ఐదుగురు ముత్తైదువలు రోలు చుట్టూ చేరి, రోకలికి పసుపు కుంకాలు పెట్టి, తలా కాస్త దంచాలి. మొదటి పోటు వేసే మనిషి పెద్దదై, చేతివాసి మంచిదై, పాట వచ్చినదై ఉండాలి. మామ్మకు పాట వచ్చు. రోకలి ఎత్తినప్పుడు ఒక ముక్క, దించినప్పుడు ఒక ముక్క, అలా సాగే పాట. మేం వచ్చిన రెండు మూడేళ్ళకే మా వీధిలో, ఆ తర్వాత చుట్టుపక్కల నాలుగూళ్ళలో, ఏ పెళ్ళికైనా మొదటి రోకలి మామ్మదే అయింది. ముందురోజే వచ్చి బొట్టు పెట్టి పిలిచేవారు. మా అమ్మను పిలిచినా పిలవకపోయినా మామ్మను మాత్రం మరిచేవారు కారు. ఆ రోజు మామ్మ పొద్దున్నే తలంటుకుని, పెట్టెలోంచి నేత చీర తీసి కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. ఆమె జీవితంలో ఆమెకంటూ ఉన్న గొప్ప అది ఒక్కటే. అది నాకు అప్పుడు తెలియదు.

తాతయ్య చనిపోయారని మా ఇంట్లో ఎవరూ అనేవారు కారు. రంగం మీద బాంబులు పడ్డాయనీ, ఆయనతో ఒకే గదిలో ఉన్న పక్కూరి మనిషి ఒకాయన కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ కొన్ని నెలలకు ఇంటికి చేరి, నీ భర్త కనపడలేదమ్మా అని చెప్పాడనీ తెలుసు. అంతే తెలుసు. కనపడలేదు అన్న ఆ ఒక్క మాట మీద మామ్మ ముప్పై రెండేళ్ళు బొట్టు పెట్టుకుంది. నాన్నకు మాత్రం తండ్రికి ఏటా ఒక పిండం పెట్టలేకపోతున్నానని లోపల బాధ ఉండేది. ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, చూసినవాళ్ళు వచ్చి చెప్పనీ, అప్పుడు పెడుదువుగాని అనేది మామ్మ.

ఇక నా నిర్వాకం. నేను ఏడో తరగతిలో ఉన్నప్పటికి బంగ్లాదేశ్ యుద్ధం అయ్యి ఎంతో కాలం కాలేదు. బళ్ళో ఎటు చూసినా సైనికుల ఊసే. పంద్రాగస్టు పండగకని మా హెడ్మాస్టరు సారు వ్యాసాల పోటీ పెట్టారు, నాకు తెలిసిన వీరుడు అని. అందరూ పుస్తకంలో ఉన్న వీరుల గురించే రాస్తారని నాకు తెలుసు. నాకు ఇంట్లోనే ఒక తాతయ్య ఉన్నాడు, రంగంలో ఉండిపోయిన తాతయ్య, ఆ రంగంలో బాంబులు కూడా పడ్డాయి. మా తెలుగు వాచకంలో యుద్ధరంగం అన్న మాట అప్పుడే వచ్చింది. ఇంకేం, ఇంతకాలం పెద్దవాళ్ళు సగం చెప్పి వదిలేసిన కథ నాకు ఒక్క దెబ్బతో తెలిసిపోయినట్టయింది. మామ్మనో నాన్ననో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. అన్నీ నాకే తెలుసు కదా. ‘మా తాతగారు శత్రువుల బాంబుదాడిలో రంగమున అసువులు బాసిరి’ అని రాశాను. అసువులు బాయడం అంటే నాకు సరిగ్గా తెలియదు కూడా. వాచకంలో వీరుల గురించి అలాగే రాస్తారని, వినడానికి బాగుందని రాశాను.

హెడ్మాస్టరు సారు ఖమ్మం వైపు మనిషి, చాలా మంచివారు. వ్యాసం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. నాకు మొదటి బహుమతి ఇచ్చి ఊరుకుంటే పోయేది, మీ బాపమ్మను కూడా తీసుకురా అన్నారు. మనవరాలికి బహుమతి వస్తోందని మామ్మ పెళ్ళిళ్ళకు కట్టుకునే నేత చీరే కట్టుకుని వచ్చింది. జెండా ఎగరేసి, చాక్లెట్లు పంచాక, సారు మామ్మను వేదిక మీదికి పిలిచి, మెడలో బంతిపూల దండ వేసి, శాలువా కప్పి, మైకు ముందు మాట్లాడారు. ఆ మైకు ఊరంతా వినిపించేది; పొలాల్లో నాట్లు వేసేవాళ్ళకు కూడా వినిపించింది. ‘ముప్పై ఏండ్ల కిందట ఈ తల్లి భర్త రంగంల బాంబు దెబ్బకు సచ్చిపోయిండు. పసుపు కుంకుమ దేశానికి ఇచ్చిన తల్లి ఈమె’ అన్నారు. పిల్లలం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. మామ్మ దండ తీసి చేతిలో పట్టుకుని, అంత బొట్టు పెట్టుకున్న మొహంతో, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూస్తూ నిలబడింది. నాకేమీ తట్టలేదు.

ఆ తర్వాతి వారమే పక్కింటి అత్త కూతురికి శ్రావణంలో పెళ్ళి ముహూర్తం. పసుపు దంచేది బుధవారం అని మాకు ముందే తెలుసు. మంగళవారం ఎవరూ రాలేదు. బుధవారం పొద్దున మామ్మ తలంటుకుని, చీర కట్టుకుని, అరుగు మీద కూర్చుంది. పక్కింట్లోంచి రోకటి పోటు వినిపించింది. పాట లేదు, ఒట్టి పోటు. మామ్మ ఆ పోట్లు అయ్యేవరకూ కూర్చుని, లేచి లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, పొయ్యి దగ్గర పనిలో పడింది. మధ్యాహ్నం అత్త వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, ఏడుపు మొహంతో, ‘ఏమనుకోకు పెద్దమ్మా. బడికాడ మైకుల చెప్పిన్రు గదా, అందరు ఇన్నరు. పిల్ల పెండ్లి. మా అత్త అస్సలు వద్దంటంది. నేనేం జేసేది’ అంది. మామ్మ ఆమెను కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, పెళ్ళికొడుకు ఊరేదని అడిగి పంపించింది. నేను ఆ సాయంత్రం గడ్డివాము చాటున కూర్చుని ఏడ్చాను. ఏడవడం దేనికి, వెళ్ళి నా తప్పు ఒప్పుకుంటే అయిపోయేది. ఆ ధైర్యం లేదు.

సంగతి హెడ్మాస్టరు సారు దాకా వెళ్ళింది. నాన్నే వెళ్ళి, రంగమంటే ఏమిటో చెప్పివచ్చారు. సారు మర్నాడు పొద్దుటే మా ఇంటికి వచ్చారు. చెప్పులు వాకిట్లో విడిచి, చేతులు కట్టుకుని, ‘తప్పయింది పెద్దమ్మా. రంగమంటే యుద్ధరంగమే అనుకున్న. గదొక పట్నం పేరని నాకేం ఎరుక. కావాల్నంటే మల్ల మైకుల చెప్త’ అన్నారు. మామ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, ‘ఏవని చెప్తారు బాబూ? బతికున్నారనా?’ అంది. ఇంతకాలం ఆ ప్రశ్న ఎవరూ బయటికి అనలేదు, ఇప్పుడు మామ్మే అనేసింది. సారు వెళ్ళిపోయాక నాన్నను పిలిచి, ఆ నడిచొచ్చిన మనిషి ఎక్కడున్నాడో కనుక్కో అంది.

ఆయన కొత్తగూడెంలో ఉన్నాడని తెలియడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. కూతుర్ని బొగ్గుగనిలో పనిచేసే అబ్బాయికి ఇచ్చి, వాళ్ళ దగ్గరే క్వార్టర్లో ఉంటున్నాడట. ఇన్నేళ్ళుగా బస్సు దూరంలో ఉన్న మనిషిని మామ్మ ఎందుకు వెతికించలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. తమ్ముడు చిన్నవాడని అమ్మ ఇంట్లో ఉండిపోయింది. నాన్నా మామ్మా ప్రయాణం కట్టారు. నన్ను కూడా రమ్మంది మామ్మ. తిడుతుందేమో అనుకుంటూ ఉంటే, ‘పుస్తకం, పెన్సిలూ తెచ్చుకో. రాసిందానివి నువ్వే కదా. ఈసారి ఇని రాయి’ అంది. నన్ను ఆమె అన్నది మొత్తం మీద ఆ ఒక్క మాటే.

అడవి దారిలో రెండు బస్సులు మారి కొత్తగూడెం చేరాం. అక్కడి రైలుస్టేషను పేరు భద్రాచలం రోడ్డు. రాముడి గుడికని ఎక్కడెక్కడి నుంచో రైల్లో వచ్చి, ఆ బోర్డు చూసి ఊరొచ్చేసిందని మూటలు దింపుకుని, గోదావరి ఏదీ అని వెతుక్కునేవాళ్ళు మాకు బస్టాండులోనే కనిపించారు. గుడి ఇంకా బోలెడు దూరం. నాన్న వాళ్ళకు బస్సు చూపిస్తూ నవ్వారు. మామూలు రోజైతే నేనూ నవ్వేదాన్ని.

రంగం నుంచి వచ్చినాయన గనుక నేను ఆయన్ని రంగం తాత అనే పిలుచుకున్నాను. ఎత్తైన మనిషి, బాగా వంగిపోయాడు. మామ్మను చూడగానే మంచం మీంచి లేచి నిలబడ్డాడు గానీ, రమ్మనలేదు, కూర్చోమనలేదు. కూతురే చాప వేసింది. మామ్మ కూర్చుని, అన్నయ్యా, నువ్వు చూసింది చెప్పు, మనసు కష్టపెట్టుకోకు, నాకు చూసింది కావాలి అంది. ఆయన మొదలుపెట్టబోతుంటే గని సైరన్ కూసింది, షిఫ్టు మారే వేళ. అది ఆగేదాకా ఆయన పెదవి విప్పలేదు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా అంతేననీ, కూత వినిపిస్తే నోట్లో ముద్ద కూడా మింగడనీ కూతురు చెప్పింది.

ఆయన చెప్పింది నేను పుస్తకంలో రాసుకున్నాను. వాళ్ళు పదిమంది ఒకే గదిలో ఉండేవారు. అందరూ ఓడరేవులో బియ్యం బస్తాలు మోసేవారే. తెల్లవాళ్ళ క్రిస్మస్ పండగ దగ్గరికి వచ్చింది. అంతకు ముందు ఎన్నోసార్లు సైరన్ వేసి ఏమీ కాలేదు గనుక ఆ పొద్దున వేసినప్పుడు ఎవరూ లెక్క చేయలేదు. ఆకాశంలో విమానాలు కనిపించాయి, చాలా ఎత్తున, తెల్లగా. జపాను విమానాలని ఎవరికీ తెలియదు. అన్ని విమానాలు ఎన్నడూ చూసినవాళ్ళు కారు. వీధి వీధంతా బయటికి వచ్చి తలలెత్తి చూసింది. తాతయ్య కూడా వెళ్ళి, నడివీధిలో నిలబడి, వేలు చూపిస్తూ పైకి లెక్కపెట్టారట. ‘నేనూ పక్కనే ఉన్నాను చెల్లెమ్మా. ఆవేళ వంట వంతు నాది. అన్నం పొంగుతోందని గంజి వార్చడానికి లోపలికెళ్ళేను. పద్దెనిమిది అనడం నాకినపడింది. పంతొమ్మిది ఇనపళ్ళేదు’ అన్నాడు రంగం తాత.

తర్వాత ఆయనే తాతయ్యను గోనెపట్టాలో చుట్టాడు. లారీ వచ్చింది. దానిలోకి ఎత్తిందీ ఆయనే. అందరినీ ఒకచోటికే తీసుకెళ్ళి తగలబెట్టారట, ఎక్కడో ఆయనకు తెలియదు. మరి వచ్చిన రోజున కనపడలేదని ఎందుకు చెప్పారని నాన్న అడిగారు. ఆయన అన్ని నెలలు నడిచి వచ్చి, ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడట. తీరా తలుపు కొట్టేసరికి మామ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని, నుదుట బొట్టుతో ఎదురొచ్చి, నోరు తెరవనీయకుండా, ‘మీ యెనకాల వస్తన్నారా అన్నయ్యా’ అని అడిగిందట. దానికి చచ్చిపోయాడని చెప్పడానికి నోరు రాక, కనపడలేదమ్మా అనేశాడు. ఇంకెవరైనా తిరిగివచ్చి చెబుతారులే అనుకున్నాడు. ఇంకెవరూ తిరిగి రాలేదు. ఆ తర్వాత మామ్మ ఎదురుపడుతుందని ఆ వీధిలోకి వెళ్ళడమే మానేశాడు. కొన్నాళ్ళకు ఊరే మానేశాడు.

మామ్మ అంతా విని, అయితే ఆయన అన్నం తినలేదన్న మాట అంది. తినలేదు, పొద్దుట చద్దన్నం తిన్నాడు అన్నాడు ఆయన. ఉల్లిపాయ నంచుకున్నాడా అని అడిగింది. నంచుకున్నాడన్నాడు. ఆ జవాబు నిజమో, మామ్మ కోసం చెప్పిందో నేను చెప్పలేను. మామ్మ తల ఊపింది. వాళ్ళమ్మాయి అన్నం పెడితే కాదనకుండా తిన్నది. వెళ్ళేటప్పుడు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు గానీ మామ్మ ఏడవలేదు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా భద్రాచలం బస్సెక్కాం. సారపాకలో అప్పటికి కాగితం మిల్లు రాలేదు, వంతెన దాకా చెట్లే చెట్లు. గోదావరి ఎర్రగా నిండి పారుతోంది. సత్రంలో దిగి, నాన్న పురోహితుణ్ణి మాట్లాడి, ఆలస్యంగా తెలిసిన చావుకు ఏం చేయాలో అది చేశారు. పురోహితుడు తాతయ్య పేరూ గోత్రమూ అడిగి, తిథి అడిగితే, క్రిస్మస్ ముందు అని నేను పుస్తకం చూసి చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తిథి తెలియకపోతే పెద్దల అమావాస్య నాడు పెట్టుకోండని చెప్పాడు. దర్భలతో మనిషిని చేసి దానికి నిప్పు పెట్టారు. నాన్న గుండుతో, ముప్పై ఐదేళ్ళ మనిషి, మొహం కూడా గుర్తులేని తండ్రి కోసం చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. మూడో రోజున రేవులో ఎవరో ఇద్దరు ముసలమ్మలు మామ్మకు చేయవలసినవి చేస్తామని వచ్చారు. అక్కర్లేదమ్మా, నేనే తీసుకుంటాను అంది. నీళ్ళల్లోకి దిగి మొహం కడుక్కుంది. గాజులు ఒక్కొక్కటే రాయి మీద పగలగొట్టుకుంది. మెట్టెలు మాత్రం రాలేదు. పెళ్ళినాడు పెట్టినవి, వేళ్ళు లావయ్యాయి. నాన్న ఒడ్డున దుకాణంలో సబ్బుబిళ్ళ తెచ్చి, మెట్ల మీద కూర్చుని, తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు తిప్పి తిప్పి తీశారు. నేను పక్కన నిలబడి చూశాను. అప్పుడు అడిగాను మామ్మను, నా వల్లేనా అని. ‘నీవల్ల కాదే. చూసినోళ్ళు చెప్పేరు. ఇంక ఉంచుకుంటే అబద్ధం అవుద్ది’ అంది. ఆమె అలా అనబట్టి నేను బతికిపోయాను గానీ, నా వల్లేనని నాకు తెలుసు. నేను ఆ వ్యాసం రాయకపోతే, చూసినవాళ్ళను వెతుక్కుంటూ ఆమె వెళ్ళి ఉండేది కాదు. బస్సు దూరంలో ఉన్న మనిషిని అన్నాళ్ళు ఎందుకు వెతికించలేదో నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది.

ఊరికి తిరిగి వచ్చిన రోజు పక్కింటి అత్త వాకిట్లో మామ్మను ఆ మొహంతో చూసి, చేతిలో బిందె కింద పెట్టి గొల్లుమంది. ‘మేం తీయమన్లే గద పెద్దమ్మా, మేం గట్ల అన్లే గద’ అని ఒకటే ఏడుపు. మామ్మే ఆమెను ఓదార్చింది. నేను కొత్తగా మళ్ళీ వ్యాసం రాసి సారుకు ఇచ్చాను. తాతయ్య సైనికుడు కాదనీ, బస్తాలు మోసేవారనీ, విమానాలు చూడటానికి బయటికి వెళ్ళారనీ, పద్దెనిమిది వరకు లెక్కపెట్టారనీ రాశాను. సారు నిలబడే చదివి, ఒక అక్షరదోషం దిద్ది, పుస్తకం నా చేతికిచ్చి, వెళ్ళి కూర్చోమన్నారు. ఆ వ్యాసాన్ని ప్రార్థనలో చదివించలేదు. ఆయనను తప్పుపట్టను. అలా పోయిన మనిషిని మైకులో ఏమని చెప్పాలో ఎవరికి మాత్రం తెలుసు?

మామ్మ ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్ళు బతికింది. పొలానికి వెళ్ళేది, వంట చేసేది, అందరితో మాట్లాడేది, పెళ్ళిళ్ళకు మాత్రం వెనక గదిలో ఉండేది. నా పెళ్ళికి పసుపు దంచేటప్పుడు, నువ్వే మొదటి పోటు వేయాలని నేను పంతం పట్టి ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. శాస్త్రం తెలిసినదాన్ని, నీకు కీడు చేస్తానా అని విడిపించుకుంది. పోనీ లోపల కూర్చుని పాటైనా పాడవే అన్నాను. రోకలి లేకుండా ఆ పాట రాదే అంది. అది వంక అనుకున్నాను. తర్వాత ఎప్పుడో వాగులో బట్టలు ఉతుకుతూ, నాకు నేర్పాలని, నిజంగానే ప్రయత్నించింది. రెండు ముక్కలు వచ్చి ఆగిపోయింది. ఎత్తడం, దించడం ఉంటే గాని ముక్కలు అందవంది.

మా ఆయన పోయి ఆరేళ్ళైంది. నా బొట్టు ఎవరూ తీయలేదు, తీయమని అడగలేదు, నేను తీసుకోలేదు. ఆ మధ్య మా చిన్నబ్బాయి పెళ్ళికి ఫంక్షన్ హాల్లో పసుపు దంచే వేడుక పెట్టారు. రోలు కూడా కిరాయిదే. అన్నీ సిద్ధమయ్యాక, వియ్యపురాలు అందరి ముందూ రోకలి తెచ్చి, మొదటి పోటు మీరే వేయాలి వదినగారూ అని నా చేతికిచ్చింది. నేను చుట్టూ చూశాను, ఎవరి మొహమైనా మారుతుందేమోనని. ఎవరి మొహమూ మారలేదు. వెనకాడవలసిన సంగతి ఒకటి ఉందని కూడా అక్కడున్న సగం మందికి తెలియదు. నాకు సంతోషం వేసింది, అది దాచను. అదే క్షణంలో సిగ్గు కూడా వేసింది. ఒక్క పొల్లు మాటతో నేను మామ్మ చేతిలోంచి లాగేసిన రోకలి, ఏమీ పోగొట్టుకోకుండానే నా చేతికి వచ్చింది. కాలం మంచిదైంది, కాదనను. మామ్మ వెళ్ళిపోయాక మంచిదైంది.